సేవా నిరాకరణ: భారతీయ చట్టం గీసిన హద్దులు

డబ్బు చెల్లించడానికి సిద్ధంగా ఉన్న మనిషికి సరుకు అమ్మకపోవడం, లాడ్జిలో గది ఇవ్వకపోవడం, ఆటో ఎక్కించుకోకపోవడం, ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం, అర్జీ తీసుకోకుండా తిప్పి పంపడం వంటివన్నీ సేవా నిరాకరణ కిందికి వస్తాయి. వీటన్నిటికీ కలిపి భారతదేశంలో ఒకే చట్టం అంటూ లేదు. రాజ్యాంగ అధికరణలు, పదుల సంఖ్యలో చట్టాల్లో విడివిడిగా ఉన్న సెక్షన్లు, సుప్రీంకోర్టు తీర్పులు కలిసి ఈ రంగానికి హద్దులు ఏర్పరిచాయి. ప్రైవేటు వ్యాపారికి ఎవరితో బేరం చేయాలో ఎంచుకునే స్వేచ్ఛ మొదటినుంచీ ఉంది. కులం, మతం వంటి కొన్ని కారణాలను మాత్రం చట్టం ఆ స్వేచ్ఛలోంచి తీసేసింది. ప్రభుత్వాధికారి సంగతి వేరు. ఆయనకు అలాంటి స్వేచ్ఛే లేదు. చట్టం చూపిన కారణం ఉంటేనే కాదనగలడు, ఆ కారణాన్ని సాధారణంగా కాగితం మీద పెట్టాలి కూడా.

చారిత్రక నేపథ్యం

భారతదేశంలో సేవా నిరాకరణ చరిత్రలో ఎక్కువ భాగం అంటరానితనం చరిత్రే. బావి, చెరువు, సత్రం, క్షౌరశాల, హోటలు వంటి చోట్ల దళితులకు ప్రవేశం లేకపోవడం ఊళ్లలో కట్టుబాటుగా నడిచింది. ప్రభుత్వ నిధులతో నడిచే నీటి వనరులు, ధర్మశాలలు, బడులు అందరికీ తెరవాలని 1923లో ఎస్.కె. బోలే ప్రతిపాదనపై బొంబాయి శాసనమండలి తీర్మానించింది. మహద్ పట్టణంలో అది అమలు కాలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ నాయకత్వంలో దళితులు అక్కడి చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ చెరువుపై నడిచిన వ్యాజ్యం 1937లో బొంబాయి హైకోర్టులో దళితుల పక్షాన ముగిసింది.

విదేశీ డిగ్రీలతో తిరిగొచ్చాక కూడా అంబేడ్కర్‌కు ఈ నిరాకరణ తప్పలేదు. 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆయనకు బస దొరకలేదు. పార్సీ సత్రంలో తలదాచుకుంటే, కులం బయటపడగానే అక్కడినుంచి వెళ్లగొట్టారు. 1934లో నిజాం రాజ్యంలోని దౌలతాబాద్ కోట చూడబోయినప్పుడు, చెరువు నీటితో కాళ్లు చేతులు కడుక్కున్నందుకు ఆయన బృందాన్ని స్థానికులు అడ్డుకున్నారు. చివరికి కోటలోకి రానిచ్చినా, లోపల ఎక్కడా నీళ్లు ముట్టకుండా చూడడానికి కాపలా మనిషిని వెంట పంపారు.

కోస్తాంధ్ర, రాయలసీమ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. దళిత నాయకుడు ఎం.సి. రాజా చొరవతో 1938లో అక్కడ పౌర అనర్హతల తొలగింపు చట్టం వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందే తెలుగు ప్రాంతాల్లో అమల్లోకి వచ్చిన ఈ తరహా చట్టం అది.

రాజ్యాంగ పునాది

రాజ్యాంగంలోని 15(2) అధికరణ ప్రకారం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో మాత్రమే ఏ పౌరుడినీ దుకాణాలు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపకూడదు. ప్రభుత్వ నిధులతో నడిచే, లేదా ప్రజల వాడకానికి కేటాయించిన బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లకూ ఇదే వర్తిస్తుంది. ప్రాథమిక హక్కుల్లో ఎక్కువ భాగం ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఇది మాత్రం ప్రైవేటు దుకాణదారుకూ నేరుగా వర్తిస్తుంది.

దుకాణం అంటే ఎంతవరకు అనే ప్రశ్న రాజ్యాంగ సభలోనే వచ్చింది. 1948 నవంబరు 29న అంబేడ్కర్ జవాబు చెబుతూ, అడిగినవారికి సేవ అందించడానికి యజమాని సిద్ధపడి కూర్చున్న ప్రతి చోటూ దుకాణమేనని వివరించారు. లోపలికి రానివ్వడంతో సరిపోదని, షరతులు కుదిరితే సేవ కూడా చేయాలన్నదే దాని ఉద్దేశమని స్పష్టం చేశారు. ఈ విశాలార్థాన్ని ఆధారం చేసుకునే 2011లో భారత వైద్య సంఘం కేసులో ప్రైవేటు విద్యాసంస్థలు కూడా 15(2) పరిధిలోకి వస్తాయని సుప్రీంకోర్టు పేర్కొంది. ఆ ధర్మాసనానికి నాయకత్వం వహించి తీర్పు రాసినవారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి.

17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసి, దాన్ని పాటించడాన్ని నేరంగా ప్రకటించింది.

నేరంగా మారిన నిరాకరణ

17వ అధికరణను అమలు చేయడానికి 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. 1976 సవరణతో దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టంగా మారింది. అంటరానితనం కారణంగా దుకాణం, హోటలు, నీటి వనరు వాడుకోనివ్వకపోవడం, ఆసుపత్రిలోనో విద్యాసంస్థలోనో హాస్టల్లోనో చేర్చుకోకపోవడం, ఇతరులకు అమ్మే సమయంలో అదే చోట అవే షరతులపై సరుకు అమ్మకపోవడం ఈ చట్టం కింద నేరాలు. శిక్ష నెల నుంచి ఆరు నెలల వరకు జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. బాధితులు షెడ్యూల్డు కులాలవారైతే, ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి. కాదని రుజువు చేసుకునే బరువు నిందితుడిదే. నేరం రుజువైతే వ్యాపార లైసెన్సును రద్దు చేసే వీలూ చట్టంలో ఉంది.

తలుపు మూయకుండానే నిరాకరించే పద్ధతులూ ఉన్నాయి. తెలుగు పల్లెల్లో దళిత సంఘాలు ఏళ్లపాటు పోరాడిన రెండు గ్లాసుల పద్ధతి అలాంటిది. టీ బంకులో ఊరివాళ్ల గ్లాసులు లోపల బల్ల మీద ఉంటాయి. మాలమాదిగల గ్లాసులు చూరు కింద వేరే చెక్క మీదో, గోడకు కొట్టిన మేకుకో ఉంటాయి. తాగినవాళ్లే వాటిని కడిగి మళ్లీ అక్కడే పెట్టాలి. బెంచీ మీద కూర్చోకూడదు. టీ అందుతుంది, డబ్బూ చేతులు మారుతుంది. చట్టం దృష్టిలో మాత్రం ఇది అమ్మకం కాదు, నేరం. హోటల్లో అందరి కోసం ఉంచిన పాత్రలను వాడనివ్వకపోవడాన్ని 1955 చట్టమే పేరుపెట్టి నిషేధించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి వివక్షపై విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో నివేదిక ఇచ్చింది. మండల అధికారులు నెలాఖరున ఏదో ఒక ఊరికి వెళ్లి పౌరహక్కుల దినం జరపడం రెండు తెలుగు రాష్ట్రాల్లో నేటికీ ఉన్న ఏర్పాటు.

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ శిక్షను పెంచింది. ఉమ్మడి నీటి వనరులు, శ్మశానాలు, ఆలయాలు, దుకాణాలు, ఆసుపత్రుల వాడకాన్ని అడ్డుకున్నా, సాంఘిక లేదా ఆర్థిక బహిష్కారం విధించినా ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు. ఊరంతా ఒక్కటై కిరాణా సరుకు అమ్మొద్దని, పాలు పోయొద్దని, కూలికి పిలవొద్దని కట్టడి చేయడం ఈ సవరణ పరిధిలోకే వస్తుంది.

వ్యాపారి స్వేచ్ఛ

పై కారణాలు లేనప్పుడు వ్యాపారికి కాదనే హక్కు విస్తారంగానే ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం కింద ఒప్పందానికి ఇద్దరి సమ్మతీ కావాలి. షోకేసులో సరుకు పెట్టినంత మాత్రాన దాన్ని అమ్మి తీరాలన్న బాధ్యత పుట్టదు. తాగి గొడవ చేసేవారిని, పాత బాకీ తీర్చనివారిని, మూసే వేళకు వచ్చినవారిని వ్యాపారి పంపించేయవచ్చు. ‘ప్రవేశ హక్కులు యాజమాన్యానివే’ అనే బోర్డు ఈ మామూలు హక్కును గుర్తు చేసేదే. 15(2) అధికరణను పక్కన పెట్టే శక్తి దానికి లేదు.

సినిమా హాళ్ల కేసు ఈ సరిహద్దును చక్కగా చూపిస్తుంది. బయటి తినుబండారాలను హాల్లోకి తేనివ్వకుండా ఆపే హక్కు యజమానికి ఉందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలని, పసిపిల్లల కోసం తెచ్చుకున్న ఆహారాన్ని అనుమతించాలని కూడా చెప్పింది. హోటళ్ల విషయంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. సర్వీసు చార్జి కట్టనన్నందుకు ఎవరినీ లోపలికి రాకుండా ఆపకూడదు, వడ్డించకుండా ఉండకూడదు. ఈ మార్గదర్శకాలను ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో సమర్థించింది.

కొన్ని సందర్భాల్లో కాదనడం వ్యాపారి బాధ్యత. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం, దేశమంతటా 18 ఏళ్లు నిండనివారికి పొగాకు ఉత్పత్తులు అమ్మకూడదు. షెడ్యూల్ హెచ్ మందులను డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడదు. యాసిడ్ దాడుల నేపథ్యంలో 2013లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కొనేవారి గుర్తింపు కార్డు చూసి, ఎందుకు కొంటున్నారో రిజిస్టరులో రాసుకోకుండా యాసిడ్ అమ్మడం కుదరదు.

కొనేటప్పటి నిరాకరణ ఒకటైతే, కొన్న తరువాతిది మరొకటి. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతులు.

పది రూపాయల బిళ్ల గొడవ కూడా ఈ కోవలోదే. తెలుగు రాష్ట్రాల్లో అనేక దుకాణాల్లో ‘ఇది చెల్లదు’ అని దాన్ని తోసేసే అలవాటు ఏళ్లుగా ఉంది. 14 నమూనాల్లో వచ్చిన ఈ నాణేలన్నీ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో ప్రకటించింది. రూపాయి, ఆపై విలువ గల నాణేలు వెయ్యి రూపాయల మొత్తం వరకు చట్టబద్ధ చెల్లింపు అని 2011 నాణేల చట్టం చెబుతోంది. టిఫిను తిన్నాక ఇవ్వాల్సిన డబ్బు బాకీ అవుతుంది కాబట్టి, ఆ బాకీ కింద బిళ్లలు ఇస్తే చెల్లవనడానికి హోటలు యజమానికి ఆధారం లేదు.

కాదనకూడని సేవలు

రవాణా, వైద్యం, విద్యుత్తు, ప్రాథమిక విద్య వంటి రంగాల్లో సేవ చేయడమే నియమం, నిరాకరణ మినహాయింపు.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 178(3) ప్రకారం పర్మిట్ ఉన్న ట్యాక్సీ డ్రైవరు ప్రయాణికుడిని ఎక్కించుకోకపోతే 500 రూపాయల వరకు జరిమానా. ఆటోల విషయంలో అది 50 రూపాయలే. కొత్త సంవత్సరం రాత్రి రానన్న క్యాబ్‌లపై ఫిర్యాదు చేయాలని హైదరాబాద్ పోలీసులు ప్రకటించేది ఈ సెక్షన్ ఆధారంగానే. విమానాల్లో టికెట్లు ఎక్కువగా అమ్మి, సీటు లేదని ప్రయాణికుడిని ఎక్కించుకోకపోతే, గంటలోపు వేరే విమానం చూపనప్పుడు పరిహారం ఇవ్వాలి. వేరే విమానం 24 గంటల్లోపు దొరికితే గరిష్ఠంగా 10,000, ఆ తరువాతైతే 20,000 రూపాయలు. విమానంలో దురుసుగా ప్రవర్తించినవారిని ఎక్కించుకోకుండా నిషేధించే జాబితా 2017లో అమల్లోకి వచ్చింది. మాటల దురుసుకు మూడు నెలల వరకు, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాలకు ముప్పు తెస్తే కనీసం రెండేళ్లు నిషేధం ఉంటుంది. దాన్ని విమానయాన సంస్థ ఏర్పరిచే కమిటీ విచారించి నిర్ణయించాలి.

వైద్యుడికి సాధారణ వేళల్లో రోగిని ఎంచుకునే స్వేచ్ఛ ఉందని వైద్య మండలి 2002 నీతి నియమావళి అంగీకరిస్తుంది. అత్యవసర స్థితిలో ఆ స్వేచ్ఛ లేదు. ఒకసారి కేసు చేపట్టాక ముందుగా చెప్పకుండా వదిలేయకూడదు. ప్రమాద కేసులు పోలీసులు వచ్చాకే చూస్తామనే ఆసుపత్రుల అలవాటును 1989 ఆగస్టు 28న పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. ప్రాణం కాపాడడం సర్కారీ వైద్యుడికీ ప్రైవేటు వైద్యుడికీ మొదటి బాధ్యత, పోలీసు లాంఛనాలు ఆ తరువాతేనని తేల్చింది.

తరువాతి మైలురాయి 1996 నాటి పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసు. 1992 జులైలో మథురాపూర్ స్టేషన్ దగ్గర రైల్లోంచి పడి ఒక వ్యవసాయ కూలీ తలకు గాయమైంది. కలకత్తాలోని సర్కారీ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచం లేదనో, సౌకర్యం లేదనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. ఇది జీవించే హక్కుకు భంగమని చెప్పి కోర్టు 25,000 రూపాయల పరిహారం ఇప్పించింది. డబ్బు లేదన్న సాకుతో ప్రభుత్వం ఈ బాధ్యత నుంచి తప్పుకోలేదని కూడా చెప్పింది. అత్యాచార, యాసిడ్ దాడి బాధితులకు ఉచితంగా తక్షణ వైద్యం అందించని ఆసుపత్రి బాధ్యులకు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 200 కింద ఏడాది వరకు జైలు పడవచ్చు.

విద్యుత్తు కనెక్షన్ అడిగిన యజమానికి లేదా అద్దెదారుకు దరఖాస్తు అందిన నెలలోగా ఇవ్వడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం పంపిణీ సంస్థ బాధ్యత. వయసు ధ్రువపత్రం లేదని ఏ పిల్లవాడినీ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. న్యాయవాదుల సంఘాలు ఫలానా నిందితుడి తరఫున ఎవరూ వాదించకూడదని తీర్మానించడం చెల్లదని 2010లో సుప్రీంకోర్టు ప్రకటించింది.

వైకల్యం, ఆరోగ్యం, లింగ గుర్తింపు

15(2) అధికరణ జాబితాలో వైకల్యం లేదు. ఆ లోటును తరువాతి చట్టాలు కొంత పూడ్చాయి. 2012లో సెరిబ్రల్ పాల్సీ ఉన్న జీజా ఘోష్‌ను కోల్‌కతాలో విమానంలోంచి దింపేశారు. 2016లో సుప్రీంకోర్టు ఆమెకు 10 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. 2022లో రాంచీలో వైకల్యమున్న బాలుడిని ఎక్కించుకోని సంస్థకు పౌర విమానయాన డైరెక్టరేట్ 5 లక్షల జరిమానా వేసి, నిబంధనలనూ మార్చింది. ప్రయాణంలో ఆరోగ్యం దెబ్బతింటుందని సంస్థ అనుకుంటే ముందు విమానాశ్రయంలోని వైద్యుడి చేత పరీక్ష చేయించాలి.

2017 హెచ్‌ఐవీ చట్టం, 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం వైద్యం, విద్య, వసతి, ప్రజాసేవల్లో వివక్షను నిషేధించాయి.

తేలని ప్రాంతం: అద్దె ఇల్లు, క్లబ్బు

ఇల్లు అద్దెకివ్వడంలో చట్టం పట్టు బలహీనం. ‘శాకాహారులకు మాత్రమే’ అనే టు-లెట్ బోర్డు నగరాల్లో మామూలు దృశ్యం. అంటరానితనం కారణంగా ఇల్లు ఇవ్వకపోవడం 1955 చట్టం కింద నేరమే. మతం, ఆహారం, పెళ్లికాకపోవడం వంటి కారణాలతో సొంతింటిని ఇవ్వనంటే ఆపే నిర్దిష్టమైన కేంద్ర చట్టం లేదు. ఒక మతం వారికే సభ్యత్వమనే సహకార గృహసంఘం నియమాన్ని 2005లో జొరాస్ట్రియన్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

ప్రైవేటు క్లబ్బుల దుస్తుల నియమాలూ ఇలాంటివే. 2014లో చెన్నైలో ఒక హైకోర్టు న్యాయమూర్తిని పంచె కట్టుకొచ్చారని క్లబ్బులోకి రానివ్వలేదు. దాంతో తమిళనాడు శాసనసభ అదే ఏడాది పంచెకట్టును అడ్డుకోవడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

అధికారులు కాదన్నప్పుడు

అధికారి చేసే నిరాకరణకు 14వ అధికరణ మొదటి కొలబద్ద. ఇష్టారాజ్యంగా చేసిన నిర్ణయం నిలబడదు. దీన్ని అమలు చేయడానికి వేర్వేరు చట్టాలు దాదాపు ఒకే దారి చూపాయి: గడువు, రాతపూర్వక కారణం, అప్పీలు.

పాస్‌పోర్టు చట్టం, 1967: ఏయే కారణాలతో పాస్‌పోర్టు ఇవ్వకుండా ఉండవచ్చో సెక్షన్ 6 చెబుతుంది. కారణాలను రాసి, సాధారణంగా అడిగితే ప్రతి ఇవ్వాలి. దేశభద్రత వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఈ ప్రక్రియ న్యాయంగా ఉండాలని స్థిరపరిచింది.

సమాచార హక్కు చట్టం, 2005: 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. గడువులోగా మౌనంగా ఉంటే తిరస్కరించినట్టే లెక్క. తిరస్కరణ లేఖలో కారణం, అప్పీలు గడువు, అప్పీలు అధికారి వివరాలు ఉండాలి. సరైన కారణం లేకుండా దరఖాస్తు తీసుకోని అధికారికి రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల వరకు జరిమానా పడుతుంది.

రిజిస్ట్రేషన్ చట్టం, 1908: సబ్‌రిజిస్ట్రార్ దస్తావేజును తిరస్కరిస్తే కారణాలను రెండో నంబరు పుస్తకంలో రాయాలి. దానిపై 30 రోజుల్లో రిజిస్ట్రారుకు అప్పీలు చేసుకోవచ్చు, అక్కడా కాదంటే మరో 30 రోజుల్లో సివిల్ దావా వేయవచ్చు. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ తగాదాలు 22ఏ సెక్షన్ చుట్టూ తిరుగుతాయి. ప్రభుత్వ, అసైన్డ్, దేవాదాయ, వక్ఫ్ భూముల వంటివి ఈ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన జాబితాలో ఉంటాయి. సర్వే నంబరులో కొంత భాగమే ప్రభుత్వానిదైనా నంబరు మొత్తం జాబితాలోకి ఎక్కడం, కొన్నవాళ్లకు అమ్ముకునే రోజున గానీ ఆ సంగతి తెలియకపోవడం మామూలు ఫిర్యాదు. ఆఫీసులో ‘22ఏలో ఉంది, చేయం’ అని నోటిమాటగా పంపేస్తే అప్పీలుకు ఆధారం ఉండదు. దస్తావేజు దాఖలు చేసి పెండింగు నంబరు, ఆపై రాతపూర్వక తిరస్కరణ తీసుకుంటేనే తరువాతి మెట్టు ఎక్కగలరు. ఈ జాబితాల తయారీకి, వాటిపై అభ్యంతరాలకు పద్ధతిని హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు పూర్తి ధర్మాసనం 2015 డిసెంబరులో వింజమూరి రాజగోపాలాచారి కేసులో నిర్దేశించింది.

పోలీసు ఫిర్యాదు: కాగ్నిజబుల్ (వారంటు లేకుండా అరెస్టు చేయదగిన) నేరం జరిగిందని తెలిపే ఫిర్యాదు అందితే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయడం తప్పనిసరి అని 2013 నవంబరు 12న లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ‘మా పరిధి కాదు’ అన్న జవాబు ఎంత నష్టం చేస్తుందో 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి హత్య తరువాత బయటపడింది. ఎఫ్‌ఐఆర్ నమోదులో జాప్యం చేశారన్న ఆరోపణపై ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్‌కు 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో చోటు దొరికింది. మహిళలపై జరిగిన కొన్ని తీవ్ర నేరాల ఫిర్యాదు నమోదు చేయని పోలీసుకు ఆరు నెలల నుంచి రెండేళ్ల కఠిన కారాగార శిక్ష ఉంది.

ఇతర దేశాల్లో

అమెరికాలో 1964 పౌరహక్కుల చట్టం రెండో భాగం హోటళ్లు, రెస్టారెంట్లు, థియేటర్లలో జాతి, వర్ణం, మతం, జాతీయ మూలం ఆధారంగా నిరాకరణను నిషేధించింది. ఇటీవలి వివాదాలు ఎక్కువగా మత విశ్వాసానికీ స్వలింగ వివాహాలకూ మధ్య నడిచాయి. 2015లో కెంటకీ రాష్ట్రంలో కిమ్ డేవిస్ అనే కౌంటీ క్లర్కు తన విశ్వాసం పేరుతో వివాహ లైసెన్సులు ఇవ్వనన్నారు. కోర్టు ధిక్కారం కింద ఐదు రోజులు జైల్లో గడిపారు. ప్రైవేటు వ్యాపారుల విషయంలో కోర్టు తీరు వేరు. సృజనాత్మక వ్యక్తీకరణతో కూడిన పనిని ఇష్టానికి విరుద్ధంగా చేయించలేమని 2023లో ఒక వెబ్‌సైట్ రూపకర్త కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2018లో ఒక బేకరీ కేసులో, కొనేవాడిని కాదనడం వేరు, కేకు మీద రాయమన్న నినాదాన్ని కాదనడం వేరని తేల్చింది. తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించి, అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరమైంది.

పరిహార మార్గాలు

కులం కారణంగా జరిగిన నిరాకరణపై పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ సహాయ నంబరు 14566 కూడా ఉంది. వ్యాపారులపై ఫిర్యాదుకు వినియోగదారుల సహాయ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయాలి. చెల్లించిన సొమ్ము 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు. ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకపోతే జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా పంపి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. అధికారి చట్టపరమైన విధిని నిర్వర్తించనప్పుడు 226 అధికరణ కింద హైకోర్టులో రిట్ వేయవచ్చు.

వీటిలో చాలా మార్గాలకు ఆధారం కావాలి. నోటిమాటతో తిరిగి వచ్చినవారి చేతిలో అది ఉండదు. అందుకే అర్జీని కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవడం, తీసుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపడం, కాదన్న కారణాన్ని రాసిమ్మని అడగడం పౌరుడు వెంటనే చేయాల్సిన పనులు.